‘ఇజంట్ ఇట్’ పోయి ‘ఏటి’ వచ్చె: ఒక నర్సుకు క్వశ్చన్ ట్యాగ్‌లు నేర్పిన కేసు

క్వశ్చన్ ట్యాగ్‌లు, అంటే ఇంగ్లిష్ వాక్యం చివర తోకలా తగిలించే చిన్న ప్రశ్నలు, అనగానే నా దగ్గరికొచ్చే పిల్లలు హమ్మయ్య అనుకుంటారు. పరీక్షలో అవి బిట్లు, మార్కులు చేతికి అందినట్టే. వాక్యం పాజిటివ్ అయితే ట్యాగ్ నెగటివ్, వాక్యం నెగటివ్ అయితే ట్యాగ్ పాజిటివ్. హెల్పింగ్ వెర్బ్ చూసుకో, సబ్జెక్టుకి ప్రొనౌన్ పెట్టుకో, అయిపోయింది. శ్రీకాకుళంలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నేనూ అలాగే చెప్పుకొచ్చాను. ఆ పాఠాన్ని మళ్లీ మొదటినుంచి ఆలోచించేలా చేసిన విద్యార్థిని గురించి ఇది.

ఎవరు, ఎందుకు వచ్చింది

ఆమెను ఇక్కడ సిస్టర్ అనే అంటాను. క్లాసులోనూ అలాగే పిలిచేదాన్ని. ఊరు, ఆసుపత్రి, ఏ సంవత్సరమో రాయడం లేదు. ఇంటి సంగతులు కొన్ని మార్చాను. చదివితే ‘ఇది నేనే’ అని ఆమెకు తెలియాలి, పక్కింటివాళ్లకు తెలియకూడదు. రాస్తానంటే సరేనంది.

పదో తరగతి దాకా పల్లెలో తెలుగు మీడియం, తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డు డ్యూటీ. యూకే వెళ్లాలని ఓఈటీ రాస్తోంది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల లాంటి వైద్యరంగం వాళ్ల కోసమే పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష అది. అందులో స్పీకింగ్ అంటే రెండు రోల్‌ప్లేలు. కార్డు ఇస్తారు, చదువుకోవడానికి మూడు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు మాటలు. ఎదుటి మనిషి పేషెంటుగానో పేషెంటు బంధువుగానో నటిస్తారు, నర్సు నర్సుగానే ఉంటుంది. యూకే నర్సింగ్ కౌన్సిల్‌కి స్పీకింగ్‌లో 350 రావాలి. సిస్టర్‌కి లిజనింగ్, రీడింగ్ గట్టెక్కాయి. స్పీకింగ్ కొద్దిలో తప్పింది.

నైట్ డ్యూటీ దిగి, కళ్లు ఎర్రగా, చేతిలో టిఫిన్ క్యారేజీతో తొమ్మిదిన్నరకి నా మేడ మీద గదికి వచ్చేది. వారానికి మూడు రోజులు. మెడికల్ రెప్‌లు ఇచ్చే చిన్న నోట్‌ప్యాడ్ మీద రాసుకునేది. ప్రతి కాగితం పైన ఏదో గ్యాస్ మాత్ర పేరు ఉండేది.

మొదటి రోజు

ఎక్కడ తడబడుతోందో చూద్దామని మొదటి రోజే రోల్‌ప్లే పెట్టాను. నేను పేషెంటుని, మర్నాడు హెర్నియా ఆపరేషన్. ఐదు నిమిషాల్లో పదకొండుసార్లు ‘ఇజంట్ ఇట్’ వినపడింది. ‘యూ ఆర్ హ్యావింగ్ పెయిన్, ఇజంట్ ఇట్?’ ‘యువర్ సన్ కేమ్ యెస్టర్డే, ఇజంట్ ఇట్?’ ‘యూ విల్ టేక్ ద టాబ్లెట్, ఇజంట్ ఇట్?’

ఇది మన దేశంలో ఎక్కడ చూసినా వినిపించేదే. తెలుగులో ‘కదా’ అన్న ఒక్క మాట ఏ వాక్యం చివరైనా సరిపోతుంది. హిందీలో ‘నా’ అంతే, ఫ్రెంచి, జర్మన్ వాళ్లకూ ఇలాంటి ఒక్క మాటే ఉంది. వాక్యం మారినప్పుడల్లా తోక కూడా మార్చుకోవాలనే పట్టుదల ఇంగ్లిష్‌ది. కాబట్టి ‘తప్పు’ అని మొదలుపెట్టలేదు. పరీక్షలో గ్రామర్ అని ఒక అంశం ఉంది, అక్కడ ఇది లెక్కకొస్తుంది అని మాత్రం చెప్పాను.

నన్ను ఆపేసింది వేరే వాక్యం. ‘యూ డిడంట్ ఈట్ ఎనీథింగ్ సిన్స్ మార్నింగ్, ఇజంట్ ఇట్?’ అంది. నేను కావాలనే ‘యెస్’ అని ఊరుకున్నాను. తలూపి, కాగితం మీద టిక్కు పెట్టుకుని, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.

‘‘సిస్టర్, నేను తిన్నానని చెప్పాను.’’

‘‘లేదు మేడమ్, మీరు యెస్ అన్నారు. తినలేదనే కదా?’’

తెలుగులో ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ‘పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా?’ అంటే ‘ఆఁ’ అంటాం. మీరన్నది నిజమే, తినలేదు అని. మన ‘అవును’ ఎదుటివాళ్ల మాటకి ఒప్పుకోలు. ఇంగ్లిష్ ‘యెస్’ చూసేది జరిగిన పనిని. తిన్నానంటే ‘యెస్’, తినలేదంటే ‘నో’. ప్రశ్న ఎలా అడిగినా అంతే. అయితే ఇంగ్లిష్ వాళ్లు కూడా ఇలాంటి చోట ఒట్టి ‘యెస్’తో ఊరుకోరు, ‘యెస్, ఐ డిడ్’ అని వెర్బ్ కలుపుతారు. నేను ఆడింది కొంచెం దొంగాట. కానీ జ్వరంతోనో భయంతోనో మంచం మీదున్న మనిషి పూర్తి వాక్యాలు చెప్తాడని ఏముంది?

దీని బరువు నాకంటే ఆమెకే బాగా తెలుసు. మత్తు ఇచ్చే ముందు గట్టి ఆహారం ఆరు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు ఆపుతారు. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక టిక్కు తప్పు చోట పడితే జరిగేది అది.

కాబట్టి మొదటి రోజు నేను రాసుకున్నవి రెండు. ట్యాగ్ రూపం రావడం లేదు, నెగటివ్ ప్రశ్నకి జవాబు తిరగబడుతోంది. మూడోది కూడా ఉంది. అది నా చెవికి చాలా రోజులు అందలేదు.

పట్టిక, ఆ తర్వాత ‘రైట్?’

అలవాటు కొద్దీ పట్టికతో మొదలుపెట్టాను. హెల్పింగ్ వెర్బ్ ఉంటే దాన్నే తీసుకో, లేకపోతే డూ, డజ్, డిడ్. తర్వాత పాజిటివ్ నెగటివ్ తిప్పు. ‘ఐ యామ్’కి ‘ఆరంట్ ఐ’, ‘లెట్స్’కి ‘షల్ వి’, ‘నోబడీ’కి ‘దే’. వారం తిరక్కుండా నలభై బిట్లలో ముప్ఫై ఏడు కరెక్టు చేసింది. నేను పొంగిపోయాను.

మళ్లీ రోల్‌ప్లే పెడితే ‘యువర్ డాటర్ బ్రాట్ యూ హియర్...’ అని ఆగింది. కళ్లు పైకప్పు మీదికి పోయాయి. పెదాలు కదులుతున్నాయి. బ్రాట్ అంటే పాస్ట్, అంటే డిడ్, తిప్పితే డిడంట్, డాటర్ అంటే షీ. ‘...డిడంట్ షీ?’ అనేసరికి రెండు మూడు సెకన్లు అయ్యింది. ఆ రెండు సెకన్లలో పేషెంటుని వదిలేసి గ్రామర్ పుస్తకంలోకి వెళ్లిపోయింది. పేషెంటుగా కూర్చున్న నాకు అది స్పష్టంగా తెలిసింది. ‘ఇజంట్ ఇట్’ అన్నప్పుడు కనీసం నా మొహం చూసి మాట్లాడేది.

ఇక్కడ నాకు కనపడిన కారణం ఇది. ‘కదా’కి లెక్క అక్కర్లేదు. ఇంగ్లిష్ ట్యాగ్‌కి లెక్క ఉంది, అదీ వాక్యం అయిపోయాక, ఎదుటివాళ్లు జవాబు కోసం చూస్తున్న క్షణంలో. కాగితం మీద ఆ క్షణం ఉండదు. అందుకే బిట్లలో ముప్ఫై ఏడు వచ్చాయి. నేను ఆమెకు నేర్పింది లెక్క చేయడం, మాట్లాడటం నేర్పలేదు.

అప్పుడు పూర్తిగా అటు చివరికి వెళ్లాను. ట్యాగ్‌లు మానెయ్, అన్నిటికీ చివర ‘రైట్?’ పెట్టు అన్నాను. వ్యాకరణంలో తప్పు రాదు, ఆగడం ఉండదు. నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఐదో రోజు రికార్డింగ్ పెట్టుకుని వింటే పోలీస్ స్టేషన్‌లో స్టేట్‌మెంట్ రాయిస్తున్నట్టుంది. ‘యూ లివ్ అలోన్, రైట్? యూ ఆర్ సిక్స్టీ ఫైవ్, రైట్? యూ హ్యావ్ పెయిన్ హియర్, రైట్?’ ఆమె కూడా విని నవ్వేసింది. ‘‘ఇలాగడిగితే మా వార్డులో ముసలమ్మ లేచి ఎళ్లిపోద్ది మేడమ్’’ అంది. నెగటివ్ ప్రశ్నకి ‘యెస్’ అనే గొడవ ఎక్కడిదక్కడే ఉంది. తప్పించుకునే దారి వెతికాను తప్ప సమస్య ముట్టుకోలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

బోర్డు మీద నా తప్పు

మళ్లీ ట్యాగ్‌లకే వచ్చాం, ఈసారి వార్డు వాక్యాలతో. బోర్డు మీద నేనే ముచ్చటపడి ఒకటి రాశాను: ‘యూ ఆర్ నాట్ అలర్జిక్ టు పెన్సిలిన్, ఆర్ యూ?’ వాక్యం నెగటివ్, ట్యాగ్ పాజిటివ్, ప్రొనౌన్ కుదిరింది, సబ్జెక్టు వైద్యం. ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదనుకున్నాను.

సిస్టర్ రాసుకోలేదు. పెన్ను మూత పెట్టి కూర్చుంది.

‘‘ఏమైంది?’’

‘‘ఇలా అడిగితే మా ఇన్‌ఛార్జి సిస్టర్ తిడతారు మేడమ్. అలర్జీ లేదు కదా అంటే పేషెంటు లేదనే అంటాడు. మనం లేదనిపించుకోవాలని చూస్తున్నామని ఆయనకి తెలిసిపోద్ది. ఇంజక్షన్ వేసాక దద్దుర్లొస్తే?’’

నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించని మాట అది. ట్యాగ్ అంటేనే జవాబు మన చేతిలో పెట్టుకుని ఎదుటివాళ్ల చేత ‘ఊఁ’ కొట్టించడం. గ్రామర్ పుస్తకం రూపం చెప్పి ఊరుకుంటుంది. ఓఈటీ మార్కుల పద్ధతి తీసి చూస్తే, సమాచారం రాబట్టే అంశం కింద లీడింగ్ ప్రశ్నలు వేయకూడదని ఉంది. పేషెంటును జవాబు వైపు నెట్టే ప్రశ్నలు. ఆ కాగితం నా బీరువాలో ఎప్పటినుంచో ఉంది. నేను దాన్ని ట్యాగ్‌ల పాఠంతో కలిపి ఎన్నడూ చదవలేదు. రూపం బాగా వచ్చేసిన విద్యార్థి ఇంకా నమ్మకంగా తప్పు చోట వాడుతుంది, అది నేర్పింది నేనే అవుతాను.

ఆ రోజు పాఠం ఆపేసి, వార్డులో ఆమె తెలుగులో పేషెంట్లతో ఏమేం అంటుందో రాయించాను. రెండు కాగితాలు నిండాయి. ఒకదాని మీద తెలుసుకోవాల్సినవి: ఎప్పుడు తిన్నారు, ఏ మందు పడదు, ఇంట్లో ఎవరుంటారు, నొప్పి ఎక్కడ. రెండో దాని మీద దగ్గరితనం కోసం అనేవి: రాత్రి నిద్రపట్టలేదు కదూ, సూది నొప్పేసింది కదూ, లేచి కూర్చుందామా. మొదటి కాగితంలో ట్యాగ్ పెట్టకూడదని నిర్ణయించుకున్నాం. అక్కడ ‘వెన్ డిడ్ యూ లాస్ట్ ఈట్ ఆర్ డ్రింక్ ఎనీథింగ్?’, ‘వాట్ అలర్జీస్ డూ యూ హ్యావ్, ఇఫ్ ఎనీ?’ లాంటివే. ‘ఎప్పుడు’ అని అడిగితే యెస్, నో అనే గొడవే రాదు. మొదటి రోజు నన్ను ఆపేసిన సమస్యలో సగం ఇక్కడే తీరింది, వ్యాకరణం ఒక్క ముక్క చెప్పకుండా.

‘‘మరి ట్యాగ్‌లు ఇన్ని రోజులు ఎందుకు నేర్చుకున్నట్టు?’’ అని అడిగింది, కొంచెం కోపంగానే. నేర్చుకోవాల్సింది రెండో కాగితం కోసం. కాకపోతే అది ఎలా నేర్పాలో ఆ పూట నాకూ తెలీదు.

ఫోనులో విన్నది

తర్వాతి వారం క్లాసు మధ్యలో ఇంటి నుంచి ఫోను వచ్చింది. ‘‘ఒక్క నిమిషం మేడమ్’’ అని బాల్కనీలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. నాతో మాట్లాడే పత్రికల తెలుగు పోయి అసలు గొంతు వచ్చింది.

‘‘అన్నం తినీసేవేటి?... మాత్ర ఏసుకున్నావు కదా... అలాగేటి?... ఓలమ్మ, ఎళ్లిపోయేడేటి?’’

నేను చెవి ఒగ్గి వినడం సభ్యత కాదు, కానీ పెన్ను తీసి రాసుకున్నాను. ‘మాత్ర ఏసుకున్నావు కదా’ అన్నప్పుడు గొంతు కిందికి దిగింది. వేసుకుందని తెలుసు, మాట కలుపుతోంది. ‘తినీసేవేటి’, అంటే ‘తినేశావా ఏమిటి’, అన్నప్పుడు పైకి లేచింది. తెలీదు, నిజంగా అడుగుతోంది. ఇంగ్లిష్ ట్యాగ్‌లో ఉన్న తేడా అచ్చంగా ఇదే. ‘ఇట్స్ సోర్, ఇజంట్ ఇట్’ అని గొంతు దించితే ఓదార్పు. అదే మాట గొంతు ఎత్తి అంటే ప్రశ్న. మాటలు అవే, రాగం అర్థం మార్చేస్తుంది.

నా చెవికి అందని మూడో సంగతి ఇదే. క్లాసులో ఆమె ప్రతి ట్యాగ్‌నీ పైకి లేపేది. రూపం సరిగ్గా వచ్చిందా అన్న టెన్షన్‌తో గొంతు లేచేది, వినేవాళ్లకి అది అనుమానంలా తగిలేది. ‘నొప్పిగా ఉంది కదూ’ అని జాలి పడాల్సిన చోట ‘నొప్పా? నిజమేనా?’ అన్నట్టుండేది.

లోపలికి వచ్చాక ‘‘ఇప్పుడు ఏటి అన్నావు కదా, అది మళ్లీ అను’’ అన్నాను. మొహం ఎర్రబడింది. ‘‘అలవాటులో వచ్చీసింది మేడమ్, సారీ’’ అంది. టౌన్‌కి వచ్చిన కొత్తలో హాస్టల్లో వేరే జిల్లాల అమ్మాయిలు ‘ఏటి’ అని వెక్కిరిస్తే మానేసిందట. సినిమాల్లో మా యాస వచ్చేది నవ్వించడానికే కాబట్టి వాళ్లకీ తెలియదు పాపం. వాడుకభాష బడిలోకి రావాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ జిల్లాలోనే, పర్వతాలపేటలో. ఆగస్టు 29 వస్తే మైకులు పెట్టి ఆయన్ని పొగుడుతాం. మర్నాడు మన ‘ఏటి’కి మనమే సారీ చెప్తాం.

పనిచేసిన వరుస

అక్కడినుంచి పద్ధతి మార్చాను. మొదట ట్యాగ్ అసలు లేదు, ‘అవునేటి?’ ఒక్కటే. నేను ఒక మాట అంటాను, ఆమె ఊళ్లో అన్నట్టు ‘అవునేటి?’ అనాలి. తర్వాత అదే రాగంతో దాని ఇంగ్లిష్.

‘‘ఐ యామ్ టైర్డ్.’’ ‘‘ఆర్ యూ?’’

‘‘మై సన్ వర్క్స్ ఇన్ చెన్నై.’’ ‘‘డజ్ హీ?’’

‘‘ఐ డిడంట్ స్లీప్.’’ ‘‘డిడంట్ యూ?’’

ఎందుకు ఇక్కడ మొదలుపెట్టానంటే, ట్యాగ్‌లో మూడు పనులున్నాయి: వెర్బ్ పట్టుకోవాలి, ప్రొనౌన్ పెట్టాలి, పాజిటివ్ నెగటివ్ తిప్పాలి. ‘అవునేటి’లో తిప్పడం లేదు. పైగా వెర్బ్ ఎదుటివాళ్ల నోట్లోంచి చెవిలోకి అప్పుడే వచ్చి ఉంటుంది, ‘వర్క్స్’ లాంటి చోట డజ్ ఒక్కటే కొత్తగా తెచ్చుకోవాలి. సొంత వాక్యం కట్టే బరువు కూడా లేదు. చెవితో పట్టి నోటితో తిరిగి ఇవ్వడమే. నాలుగైదు క్లాసులకి ఆగడం పోయింది. ఇంకో లాభం నేను ఊహించలేదు. రోల్‌ప్లేలో పేషెంటు మాట వినడం పెరిగింది, ఎందుకంటే వెర్బ్ వినకపోతే జవాబు లేదు. అంతకుముందు ఆమె కార్డు మీది తర్వాతి ప్రశ్న గురించే ఆలోచిస్తూ ఉండేది.

ఆ తర్వాతే తిప్పడం. అప్పుడు కూడా పట్టిక తీయలేదు. రెండో కాగితంలోంచి ఏడు వాక్యాలు ఎంచి, ఒక్కోదాన్నీ ముక్కగా, ఒకే ఊపిరిలో అలవాటు చేశాం. ‘ఇట్స్ బీన్ ఎ లాంగ్ నైట్, హ్యాజంట్ ఇట్.’ ‘దట్ హర్ట్, డిడంట్ ఇట్.’ ‘యూ’వ్ హార్డ్లీ టచ్డ్ యువర్ బ్రేక్‌ఫాస్ట్, హ్యావ్ యూ.’ ‘లెట్స్ సిట్ యూ అప్, షల్ వి?’ చివర ప్రశ్న గుర్తు ఉన్నా లేకపోయినా, దిగే రాగం ఉన్న వాటికి నోట్‌ప్యాడ్ మీద కింద బాణం వేసుకుంది. ప్రతి వాక్యం ముందు తన ఊరి మాటలో అనేది, ఫోనులో రికార్డు చేసేది, వెంటనే అదే రాగంతో ఇంగ్లిష్. ‘రాత్రంతా నిద్రే లేదు కదూ’ అని గొంతు దించిన మనిషి, ఆ గొంతుతోనే ‘హ్యాజంట్ ఇట్’ దించేది.

‘హార్డ్లీ’ని ఎందుకు ఉంచానంటే అది నర్సు నోట రోజూ వచ్చే మాట. అందులో నెగటివ్ దాక్కుని ఉంటుంది కాబట్టి ట్యాగ్ పాజిటివ్. ‘నోబడీ’, ‘ఎవ్రీబడీ’, ‘ఆరంట్ ఐ’ వదిలేశాను. బిట్లకి పనికొస్తాయి, ఆమెకు ఆ రోజుల్లో పనిలేదు.

ఒక చోట పోలిక బెడిసికొట్టింది. ‘ఎళ్లిపోతన్నావేటి’లో తిప్పడం లేదు కదా, దాన్ని చూసి ‘యూ ఆర్ గోయింగ్ హోమ్, ఆర్ యూ?’ అనడం మొదలుపెట్టింది. ఇంగ్లిష్‌లో అదీ ఉంది, తప్పు కాదు. కానీ అందులో ‘ఓహో, అలాగా, వెళ్లిపోతున్నావన్నమాట’ అన్న ఆశ్చర్యమో ఎత్తిపొడుపో ఉంటుంది. మా ‘ఏటి’కీ ఆ రంగు ఉంది గానీ చిరునవ్వుతో అంటే కరిగిపోతుంది. పరాయి దేశపు పెద్దాయనతో అంటే కరగకపోవచ్చు. అందుకని జవాబుగా ‘ఆర్ యూ?’ వాడు, నీ సొంత వాక్యానికి మాత్రం అలా తగిలించకు అని గీత గీశాను. అంతకంటే లోతుకి వెళ్లలేదు.

‘యెస్’, ‘నో’ సంగతి చివరికి మిగిలింది. ఆమె అడిగేటప్పటి గండం మొదటి కాగితంతో తప్పింది, ఆమెనే ఎవరైనా అడిగితే? ‘యూ హ్యావంట్ వర్క్డ్ అబ్రాడ్, హ్యావ్ యూ?’ అంటే ఆమె ‘యెస్ మేడమ్’ అనేది, మీరన్నది నిజమే అన్న అర్థంతో. నియమం వివరించి చూశాను, తల ఊపేది, మళ్లీ ‘యెస్’ అనేది. ఆఖరికి ఒట్టి యెస్, ఒట్టి నో నిషేధం అన్నాను. వెర్బ్ లేకుండా జవాబు చెల్లదు. ‘ఐ హ్యావంట్’ అని ముందు వెర్బే అను, యెస్, నో తర్వాత చూద్దాం. ‘హ్యావంట్’ నోట్లో పడ్డాక దాని పక్కన ‘యెస్’ ఇమడదు, ‘నో’ తనంతట అదే వస్తుంది. ఆమె మాట్లాడేటప్పుడు ఇది దాదాపు కుదిరింది. వినేటప్పుడు ఇంకా తడబడేది. అందుకే అనుమానం వస్తే ‘సో యూ హ్యావంట్ ఈటెన్ ఎనీథింగ్?’ అని ఊరుకోకుండా ‘సో ద లాస్ట్ థింగ్ యూ ఏట్ వాజ్...’ అని వాక్యం సగంలో వదిలి, మిగతాది పేషెంటు చేత నింపించడం అలవాటు చేశాం. ఈ చిట్కా నాది కాదు, వార్డులో చెవుడు ఉన్న ముసలివాళ్లతో ఆమె ఎప్పటినుంచో చేస్తున్నదే.

ఏం వచ్చింది, ఏం రాలేదు

రెండోసారి స్పీకింగ్ 350 దాటింది. అది ట్యాగ్‌ల వల్లేనని చెప్పను. ఉచ్చారణ, ధారాళత, పేషెంటు మనసు కనిపెట్టడం, చాలా అంశాలు కలిసి వచ్చే మార్కు అది. ట్యాగ్‌ల వరకు నేను చూసింది చెప్తాను. చివరి వారం రోల్‌ప్లే రికార్డింగ్‌లో ఐదు నిమిషాలకీ మూడే ట్యాగ్‌లు ఉన్నాయి. మూడూ రెండో కాగితంలోవి, మూడూ కిందికి దిగాయి. ఆహారం, అలర్జీ దగ్గర ఒక్కటీ లేదు. నైట్ డ్యూటీలు వరసగా మూడు పడ్డాక వచ్చిన రోజు మాత్రం ‘ఇజంట్ ఇట్’ బారులు తీరింది. దాన్ని సరిదిద్దలేదు, టీ పెట్టి ఇచ్చాను.

నా వైపు మారినవి కొన్ని ఉన్నాయి. పెన్సిలిన్ వాక్యం నా వర్క్‌షీట్‌లోంచి తీసేశాను. నర్సులు కాని బ్యాచ్‌లకి కూడా ట్యాగ్‌లకి ముందు ‘అవునేటి’ ఆట పెడుతున్నాను. విజయనగరం నుంచి వచ్చే పిల్లలకి అది వెంటనే ఎక్కుతుంది. గోదావరి జిల్లాల నుంచి ఒకరిద్దరు వచ్చినప్పుడు వాళ్ల నోట ‘అలాగా అండీ’ వచ్చింది, దాంతోనే కానిచ్చాం. పట్టిక మానలేదు, ఇంటర్ పిల్లలకి మార్కులు కావాలి కదా. కాకపోతే చివర్లో ఇస్తున్నాను. ఇంటర్ పిల్లలు ‘ఎక్కడ ట్యాగ్ అడక్కూడదు’ అన్న ప్రశ్నకి ఏం చెప్పాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. దాన్ని వాళ్లకి ఎలా చెప్పాలో ఇంకా కుదరలేదు. ‘నువ్వు కాపీ కొట్టలేదు కదా’ అని మాస్టారు అడిగితే ఎవరైనా కొట్టానంటారా అన్న ఉదాహరణ ఒక్కటే ఇప్పటికి పనిచేసింది.

సిస్టర్ వెళ్లిన కొన్నాళ్లకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు. ‘‘మేడమ్, ఇక్కడ కుర్ర పేషెంట్లు అన్నిటికీ ‘ఇన్నిట్’ అంటన్నారు. మొన్నొకడు ‘యూ ఆర్ న్యూ హియర్, ఇన్నిట్’ అన్నాడు. ఆరంట్ యూ లేదు, ఏటీ లేదు. మన ఇజంట్ ఇట్టే కదేటి ఇది! ఇన్ని నెలలు నన్నెందుకు ఏడిపించేరు?’’

వాళ్లంటే విను, నువ్వు మాత్రం ఇంకొన్నాళ్లు అనకు అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. నైట్ డ్యూటీ పడి ఉంటుంది.